మూడు మిల్లీమీటర్ల పొర కోసం

విండ్ టన్నెల్‌లో, అంటే ఫ్యానుతో గాలి పోనిచ్చి కొలిచే సొరంగంలో, పెట్టిన చదునైన పలక నుంచి ఒక మిల్లీమీటరు ఎత్తులో గాలి ఎంత వేగంతో పోవాలో నా దగ్గర కాగితం మీద లెక్క ఉంది. పైన గాలి సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతుంటే, పలక ముందంచు నుంచి 400 మిల్లీమీటర్ల దూరంలో, ఆ ఒక్క మిల్లీమీటరు ఎత్తులో దాని వేగం సరిగ్గా సగం ఉండాలి. గాలి వేగాన్ని నీళ్ల ఎత్తుగా చూపించే వాలు మానోమీటరులో ఎర్రనీళ్లు మూడు సెంటీమీటర్లు దాటి కాస్త ఎక్కి ఆగాలి. ఆరున్నర దాకా ఎక్కాయి. గొట్టంలో బుడగ ఏమైనా ఉందేమోనని తట్టి చూశాను. కీళ్ల దగ్గర గాలి కారుతోందేమోనని సబ్బునురగ రాసి చూశాను. మళ్లీ మొదటి నుంచి కొలిచాను. ఆరున్నరే.

నీళ్ల ఎత్తు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక, సగం వేగం రావాల్సిన చోట డెబ్బై శాతం వచ్చిందన్నమాట. నేను లామినార్ పొర, అంటే సుడులు లేకుండా నెమ్మదిగా జారే గాలి పొర, అనుకుని కొలుస్తున్నది లామినార్ కాదు.

అది మార్చి మొదటి వారం. ఆ పొర నా చేతికి చిక్కేసరికి రోహిణి కార్తె వచ్చేసింది. విజయవాడ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎం.టెక్ ప్రాజెక్టుగా చేసిన పని ఇది. చిన్న విండ్ టన్నెల్‌తో ఇలాంటి పని మొదలుపెట్టే పిల్లలకు పుస్తకాల్లో దొరకని సంగతులు కొన్ని నాకు తెలిశాయి. అందుకే రాస్తున్నాను.

ముందు పొర సంగతి చెప్పాలి. సీలింగ్ ఫ్యాను రోజంతా తిరుగుతూనే ఉంటుంది, అయినా రెక్కల మీద దుమ్ము పేరుకుంటుంది. పండక్కి ముందు స్టూలెక్కి తుడిచిన ప్రతివాళ్లకీ తెలుసు. రెక్కకు అంటుకుని ఉన్న గాలి రెక్కతో పాటే తిరుగుతుంది గనక దానికి దుమ్మును ఊడ్చే బలం లేదు. దాని పైనున్న గాలి కొంచెం జారుతుంది, ఆ పైది ఇంకొంచెం. ఇలా సున్నా నుంచి పూర్తి వేగం అందుకునేదాకా ఉన్న ఆ సన్నని మందమే బౌండరీ లేయర్, మన మాటల్లో సరిహద్దు పొర. బందరు కాలువ గట్టున నిలబడి చూస్తే గుర్రపుడెక్క నడిమధ్యన వడిగా, గట్టు పక్కన దాదాపు నిలిచిపోయినట్టు కొట్టుకుపోతుంటుంది. అదీ ఈ కోవలోదే.

1752 నుంచీ లెక్కల వాళ్లను ఒక చిక్కు పట్టి పీడించింది. స్నిగ్ధత, అంటే ప్రవాహానికి ఉండే జిగట, లేదనుకుని లెక్క కడితే, ప్రవాహంలో నిలిపిన వస్తువు మీద నిరోధమే ఉండకూడదని ఫ్రెంచి గణితవేత్త డాలంబర్ చూపించాడు. గాలి స్నిగ్ధత చాలా తక్కువ కదా, లేదనుకుంటే తప్పేముందని అందరూ అనుకున్నారు. కానీ ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడెవడూ ఆ జవాబును ఒప్పుకోడు. 1904లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణిత మహాసభలో 29 ఏళ్ల లుడ్విగ్ ప్రాంటల్ పది నిమిషాల ప్రసంగంలో ఈ ముడి విప్పాడు. స్నిగ్ధత ఎంత తక్కువైనా సరే, వస్తువును ఆనుకుని ఉన్న పల్చని పొరలో మాత్రం దాన్ని తీసెయ్యడానికి వీల్లేదు. పొర దాటాక లేదనుకోవచ్చు. నాలుగేళ్ల తర్వాత ఆయన శిష్యుడు బ్లాసియస్ చదునైన పలక మీద ఆ పొర ఆకారాన్ని లెక్కకట్టి చూపించాడు. నా కాగితం మీదున్నది ఆ 1908 నాటి లెక్కే.

ఆ పొర రెండు రకాలుగా ఉండగలదు. బీరువాలో మడతపెట్టిన చీరల దొంతరను ఊహించుకోండి. పై చీరను మెల్లగా లాగితే కిందవి ఒకదాని మీద ఒకటి జారతాయి తప్ప కలిసిపోవు. అలా జారేది లామినార్. టర్బులెంట్ అయితే పైనున్న వడిగాలి సుడులు తిరుగుతూ కిందికి దిగుతుంది, కింద ఉన్న మందగాలి పైకి ఎగదన్నుకొస్తుంది. అందుకే టర్బులెంట్ పొరలో పలక పక్కనే గాలి వడిగా ఉంటుంది, పొర మాత్రం లావెక్కుతుంది. నేను కొలిచే చోట లామినార్ అయితే పొర మందం 3.3 మిల్లీమీటర్లు రావాలి. మొదటి నుంచీ టర్బులెంట్ అయితే 11 దాకా వస్తుంది. పలక మీద గాలి రాపిడి కూడా టర్బులెంట్‌లో నాలుగు రెట్లు ఎక్కువ. ప్రయాణికుల విమానం నిలకడగా పోతున్నప్పుడు ఎదుర్కొనే నిరోధంలో సుమారు సగం ఈ రాపిడే. రెక్క మీద లామినార్ పొరను ఇంకాస్త దూరం నిలబెడితే ఎంత ఇంధనం మిగులుతుందో ఊహించుకోవచ్చు.

అలాగని టర్బులెంట్ చెడ్డదని చెప్పడానికి లేదు. నున్నటి బంతి మీద లామినార్ పొర ముందు నుంచి 80 డిగ్రీల దగ్గరే బంతిని వదిలేసి లేచిపోతుంది. టర్బులెంట్ పొర 120 దాకా అంటిపెట్టుకుని ఉంటుంది. కొత్త బంతితో మీడియం పేసరు స్వింగు చేసేది ఈ తేడాతోనే. కుట్టు ఉన్న వైపు పొర టర్బులెంట్ అయి ఎక్కువసేపు అంటుకుంటుంది, రెండో వైపు ముందే వదిలేస్తుంది, బంతి కుట్టు చూపించే వైపు వంగుతుంది. అవసరాన్ని బట్టి రెండూ కావాలి. నాకు ముందు లామినార్ కావాల్సి వచ్చింది. రెండూ పక్కపక్కన కొలిచి చూపించడమే నా ప్రాజెక్టు.

కొలవాలంటే మూడు మిల్లీమీటర్ల పొరలో పట్టే పనిముట్టు ఉండాలి. ల్యాబులో గాలి వేగం కొలిచే పీటో గొట్టం మందమే ఆరు మిల్లీమీటర్లు. నా ప్రాజెక్టు చూసే సార్ చెప్పిన ఉపాయం ఇంజెక్షను సూది. సూర్యారావుపేటలో ఆసుపత్రుల మధ్య సర్జికల్ షాపుకి వెళ్లి 18 నంబరు సూదులు డజను కొన్నాను. దాని బయటి మందం 1.27 మిల్లీమీటర్లు. మొన కోసేసి, నోటిని చదునుగా నొక్కితే ఎత్తు తగ్గుతుంది. కానీ లోపలి దారి మూసుకుపోకూడదు. నేను హాస్టల్ గదిలో రోటి బండతో ఎనిమిది పాడుచేశాను. మిగతా నాలుగు పట్టుకుని ఆటోనగర్‌కి పోయాను.

అక్కడ లేతు మీద పనిచేసే మేస్త్రి గారు సూదిని వెలుగుకు ఎత్తి చూసి, "ఇదేం చేస్తదమ్మా?" అన్నారు. గాలిని కొలుస్తుందన్నాను. పలక మీద పొర బొమ్మ గీసి చూపించాను. ఆయన సూది లోపలికి జుట్టంత సన్నటి స్టీలు తీగ దూర్చి, ఇత్తడి బిళ్ల మీద పెట్టి, చిన్న సుత్తితో ముద్దుగా తట్టి, తీగ లాగేశారు. నోటి ఎత్తు 0.6 మిల్లీమీటర్లు. నాలుగూ ఒకేలా వచ్చాయి. డబ్బులు తీసుకోలేదు. "గీత సరిగ్గా వస్తే నాకూ చూపించు" అన్నారు.

ఆ సూదిని మైక్రోమీటరు స్క్రూకు బిగించి టన్నెల్ పైకప్పు నుంచి దించాం. పలక అల్యూమినియందే గనక సూది తగలగానే మల్టీమీటరు కుయ్యిమంటుంది. అదే సున్నా. అక్కణ్ణుంచి పదో వంతు మిల్లీమీటరు చొప్పున పైకి. ఒక్కో చోట నీళ్లు స్థిరపడటానికి నిమిషం, నిమిషంన్నర పట్టేది. సూది నోరు అంత సన్నం మరి. ఒక గీతకు ముప్పై చోట్ల కొలవాలి. మధ్యలో కరెంటు వోల్టేజి పడితే ఫ్యాను వేగం మారి మొత్తం పోతుంది. అందుకని తెల్లవారుజామున ఐదుకి వెళ్లేదాన్ని. ఇంకో కారణం కూడా ఉంది. ఎండలు ముదిరాక మధ్యాహ్నం 44 డిగ్రీలు, పొద్దున 30 డిగ్రీలు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, దాని సాంద్రతకు తగ్గట్టు చూస్తే స్నిగ్ధత పెరుగుతుంది, లెక్కంతా జరిగిపోతుంది. ల్యాబు చూసుకునే బాబాయి నా కోసం ఆ వేళకు వచ్చి తాళం తీసేవాడు.

ఇంత చేశాక వచ్చిన గీత టర్బులెంట్.

సార్‌కి చూపించాను. ఆయన మందం చూడలేదు, రెండు రకాల మందాల నిష్పత్తి తియ్యమన్నారు. పొర వల్ల బయటి గాలి ఎంత పైకి నెట్టబడిందో ఒక మందం చెబుతుంది, ఎంత ద్రవ్యవేగం పోయిందో ఇంకొకటి చెబుతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే లామినార్‌లో 2.59, టర్బులెంట్‌లో 1.4 చుట్టుపక్కల వస్తుంది. నాది 1.45. సందేహానికి తావే లేదు. గాలి వేగాన్ని ముందంచు నుంచి దూరంతో గుణించి, సాంద్రతకు తగ్గట్టు చూసిన స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేది రేనాల్డ్స్ సంఖ్య. అది ఐదు లక్షలు దాటితే పొర టర్బులెంట్ అవుతుందని పుస్తకాల్లో ఉంటుంది.

"రేనాల్డ్స్ సంఖ్య 3,75,000 సార్. ఐదు లక్షలు దాటలేదు కదా, ఎందుకు టర్బులెంట్ అవుతుంది?" అన్నాను.

"ఐదు లక్షలని గాలికెవరు చెప్పారమ్మా?"

ఆ ప్రశ్న నాకు చాలా కాలం గుర్తుంటుంది. పరీక్షల కోసం మనమంతా ఐదు లక్షలని బట్టీ పట్టినవాళ్లమే. అదేదో కిలోమీటరు రాయిలా పాతి ఉన్నట్టు రాస్తారు. ఇలా నేర్పడం తప్పని నా గట్టి అభిప్రాయం. 1940ల్లో అమెరికా ప్రమాణాల సంస్థలో షుబౌయర్, స్క్రామ్‌స్టాడ్ అనే ఇద్దరు టన్నెల్‌లో గాలి అలజడిని 0.08 శాతం కన్నా తక్కువకు దించినప్పుడు, పొర రేనాల్డ్స్ సంఖ్య 28 లక్షల దాకా లామినార్‌గా నిలిచింది. టోల్మీన్, ష్లిక్టింగ్ అంతకు పదేళ్ల ముందే కాగితం మీద ఊహించిన సన్నని అలలు నిజంగా పొరలో పెరగడం కూడా వాళ్లే చూశారు. వచ్చే గాలి, పలక నునుపు, ముందంచు, ఫ్యాను అదురు, పీడనం తేడా, ఇవన్నీ కలిసి నిర్ణయించే సంఖ్య అది. నా టన్నెల్‌లో వీటిలో ఏదో ఒకటి పొరను పుట్టుకలోనే చెడగొడుతోంది.

అప్పుడే ఒక సహాధ్యాయి కిందటి బ్యాచి రికార్డు తెచ్చిచ్చాడు. అందులో లామినార్ గీత బ్లాసియస్ గీత మీద అతికినట్టు కూర్చుంది. "ఇవే వేసెయ్, ఎవరు చూస్తారు?" అన్నాడు. నా కళ్లతో చూసిన ఆరున్నర సెంటీమీటర్లను ఎక్కడ పెట్టుకోను? రికార్డు తిరిగిచ్చేశాను.

వెతుకులాట గాలి వచ్చే నోటి దగ్గర మొదలుపెట్టాను. మాది వెనక ఫ్యానుతో గాలి లాగే రకం. ముందు గాలిని తిన్నగా నడిపే తేనెతుట్టె అమరిక పాత బ్యాచి వాళ్లు ప్లాస్టిక్ స్ట్రాలతో చేసింది. కొన్ని స్ట్రాలు నలిగిపోయి ఉన్నాయి. వాటి వెనక మూడు సన్నజాలీలు. వాటిని ఊడదీసి వెలుగుకు పెడితే సగం కళ్లు దుమ్ముతో మూసుకుపోయాయి. విజయవాడ దుమ్ము, ఏసీ లేని ల్యాబు, రెండేళ్లుగా ఎవరూ తుడవలేదు. జాలీలో కొంత భాగం మూసుకుపోతే అక్కడ గాలి పాయలుగా చీలి అలజడి పెరుగుతుంది. బాబాయి, నేను కలిసి సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాం. స్ట్రాలు మార్చాం. అప్పుడు 6.5 కాస్తా 6.3 అయింది. అంతే.

తర్వాత ముందంచు. గోరుతో మెల్లగా రాస్తే రెండు చోట్ల గరుకు తగిలింది. పలకను భుజాన వేసుకుని మళ్లీ ఆటోనగర్. మేస్త్రి గారు సన్న ఎమెరీ కాగితంతో తడి పట్టు పెట్టించి గంటన్నర రుద్దారు. గోరు జారిపోయేట్టు వచ్చింది. తిరిగొచ్చి బిగిస్తే ఇంకాస్త తగ్గింది కానీ టర్బులెంటే. ఏప్రిల్ అయిపోయింది.

నాకు దారి చూపించింది కిరసనాయిలు. అందులో టైటానియం తెల్లపొడి, రెండు చుక్కల ఒలేయిక్ ఆమ్లం కలిపి, పలకకు నల్లరంగు వేసి, పల్చగా పూసి ఫ్యాను వేశాం. గాలి దాన్ని లాక్కెళుతూ గీతలు గీస్తుంది. రాపిడి ఎక్కువున్న చోట తొందరగా ఊడ్చుకుపోతుంది, లేని చోట పేరుకుంటుంది. పావుగంట తర్వాత చూస్తే ముందంచుకు వెనక, ఐదారు మిల్లీమీటర్ల లోపలే, పలక అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లటి పట్టీ కట్టింది. విబూది రేఖలా ఉంది. దాని వెనక మాత్రం శుభ్రంగా ఊడ్చేసి ఉంది.

సార్ వంగి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితం మీద అంచు బొమ్మ గీశారు. మా పలక పైవైపు చదును, కిందివైపు ఏటవాలుగా చెక్కినది. పలక కింద బిగించిన కాళ్లు, గొట్టాలు దారికి అడ్డం. అందుకని కింద పోవాల్సిన గాలి కొంత పైకి ఎగబాకుతోంది. గాలి వచ్చి తగిలి రెండుగా చీలే బిందువు సరిగ్గా అంచు మీద ఉండాల్సింది, అంచు కిందికి జారిపోయింది. అక్కణ్ణుంచి పైకి వచ్చే గాలి వాడి అంచు చుట్టూ గబుక్కున తిరగలేక పలకను వదిలి లేచి, కొంత దూరంలో టర్బులెంట్ అయి వాలుతోంది. లేచి వాలిన ఆ చిన్న బుడగే తెల్ల పట్టీ. నేను రెండు నెలలుగా పలక మధ్యలో వెతికిన తప్పు ముందంచు కింద ఉంది.

దీనికి మందు వెనకంచున ఉందని ఆయన చెప్పినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. పలక చివర ఒక రెక్క తగిలించి పైకి ఎత్తితే, పైదారి కాస్త ఇరుకై కిందికి ఎక్కువ గాలి పోతుంది, చీలే బిందువు మళ్లీ అంచు పైకి వస్తుంది. తొమ్మిది వందల మిల్లీమీటర్ల అవతల చేసే మార్పు ముందంచుకు తెలుస్తుంది. ధ్వని కన్నా నెమ్మదిగా పోయే గాలిలో పీడనం వార్త ఎదురు కూడా ప్రయాణిస్తుంది. క్లాసులో రాసుకున్న మాటే ఇది.

అరచెయ్యి వెడల్పు అల్యూమినియం రేకు, చిన్న చెక్కపెట్టెలకు వేసే కీళ్లు రెండు, ఒక బోల్టు. బయటి నుంచి బోల్టు తిప్పితే రెక్క లేస్తుంది. మే నెల చివరి వారం, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారు. ఆ పొద్దున ఐదున్నరకే చొక్కాలు తడిసిపోయాయి. సూదిని 400 దగ్గర, ఒక మిల్లీమీటరు ఎత్తులో నిలిపి ఫ్యాను వేశాను. ఎర్రనీళ్లు ఆరు దాటి నిలబడ్డాయి. బాబాయి బోల్టు తిప్పుతున్నాడు. రెండు డిగ్రీలు, ఏమీ లేదు. నాలుగు, ఏమీ లేదు. ఆరు దగ్గర నీళ్లు చిన్నగా వణికాయి. ఒకసారి కిందికి, మళ్లీ పైకి. "ఇంకొంచెం బాబాయ్" అన్నాను. ఇంకో అర డిగ్రీ.

నీళ్లు దిగడం మొదలుపెట్టాయి. సూది సన్నం గనక మెల్లగా, పాలపొంగు చల్లారినట్టు దిగాయి. ఐదు. నాలుగున్నర. నాలుగు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. 3.4 దగ్గర ఆగాయి. అర నిమిషం చూశాను, కదల్లేదు.

ఆ రోజు గీత పూర్తి చేసేసరికి తొమ్మిదయింది. మందం 3.3, నిష్పత్తి 2.6. నూటపది పైచిలుకు ఏళ్ల కిందట ఒక జర్మను విద్యార్థి చేత్తో కట్టిన లెక్క, ఆటోనగర్ సూదితో, కృష్ణ ఒడ్డు గాలిలో, మళ్లీ కనిపించింది. మధ్యాహ్నం గ్రాఫు పట్టుకుని ఎండలోనే మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు. "అన్నీ గీత మీదే ఉన్నాయే" అన్నారు.

మర్నాడు పొద్దున మళ్లీ టర్బులెంట్. రెక్క కదల్లేదు, వేగం మారలేదు. ఏడుపొచ్చింది. టార్చి వేసి అంచంతా వెతికితే, సూదికి సరిగ్గా ఎదురుగా ముందంచు మీద దోమ ఒకటి చచ్చి అతుక్కుని ఉంది. రాత్రి లైటుకు వచ్చి ఉంటుంది. గరుకు ఒక్కచోట ఉన్నా దాని వెనక పొర త్రిభుజంలా విచ్చుకుంటూ చెడిపోతుంది. ఆ త్రిభుజం ఒక్కో వైపు సుమారు పది డిగ్రీల చొప్పున తెరుచుకుంటుంది. సూదిని పక్కకు, ఎనిమిది సెంటీమీటర్లు జరిపితే అక్కడ చక్కగా లామినార్! దోమను స్పిరిట్ దూదితో తుడిచాను. మధ్యలోనూ లామినార్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మస్టాంగ్ అనే యుద్ధ విమానాల రెక్కలను లామినార్ పొర కోసమే మలిచారు. పురుగులు, రంగు గరుకు, రివెట్ల ఎగుడుదిగుళ్ల వల్ల అసలు పనిలో ఆ లాభం పెద్దగా దక్కలేదు. చదివినప్పుడు అది వట్టి సమాచారం. దోమను తుడిచిన పొద్దున మాత్రం ఆ ఇంజినీర్ల బాధ నాకు స్వయంగా తెలిసింది. ఆ తర్వాత రోజూ ఫ్యాను వేసే ముందు అంచును దూదితో తుడవడం అలవాటైపోయింది.

ఇక పొర ఎక్కడ మారుతుందో చూడాలి. ప్రతిచోటా ముప్పై రీడింగులు తీసే ఓపిక లేదు, టైమూ లేదు. సార్ స్టెతస్కోపు తెమ్మన్నారు. మళ్లీ సూర్యారావుపేట. ఛాతీ మీద పెట్టే బిళ్ల ఊడదీసి, ఆ రబ్బరు గొట్టాన్ని సూదికి తగిలించాం. సూదిని పలకకు ఆనించి ముందు నుంచి వెనక్కి జరుపుతూ వినాలి. 300 దగ్గర సన్నని హోరు తప్ప నిశ్శబ్దం. 400, అంతే. 500 దాటాక ఎక్కడో ఒక 'టప్' అని వినిపించింది. కాసేపటికి ఇంకోటి. 550 దగ్గర గబగబా, 600 దగ్గర ఎడతెరిపి లేకుండా, 700 దగ్గరికి వచ్చేసరికి ఒకటే రొద.

బాబాయి చెవులకు తగిలించాను. కళ్లు మూసుకుని విన్నాడు. "తాటాకింటి మీద వాన మొదలైనట్టుందే అమ్మాయ్. ముందు చినుకులు, తర్వాత జడి."

అంతకన్నా బాగా చెప్పిన వాక్యం నేనింతవరకూ చదవలేదు. జరిగేది నిజంగా అదే. లామినార్ నుంచి టర్బులెంట్‌కి మారడం పుస్తకం బొమ్మలో గీసినట్టు ఒక గీత దగ్గర జరగదు. అక్కడక్కడా, అప్పుడప్పుడూ చిన్న చిన్న టర్బులెంట్ మచ్చలు పుడతాయి. గాలితో కొట్టుకుపోతూ పెరిగి ఒకదానిలో ఒకటి కలిసి పలకంతా కమ్మేస్తాయి. ఒక్కో 'టప్' ఒక్కో మచ్చ సూది మీదుగా పోవడం. 1951లో ఎమన్స్ అనే శాస్త్రవేత్త నీటి పొర మీద ఈ మచ్చలను గమనించాడు. ఏ చోట ఎంత శాతం కాలం టర్బులెంట్‌గా ఉంటుందన్నది లెక్కకట్టి చూపించినవాళ్లు బెంగుళూరులో పనిచేసిన సతీష్ ధావన్, రొద్దం నరసింహ. ఆ పేపరు 1958లో వచ్చింది. మచ్చలు పలకంతా ఎక్కడ పడితే అక్కడ కాకుండా దాదాపు ఒకే అడ్డగీత దగ్గర, కాలంలో మాత్రం చినుకుల్లా లెక్కాపత్రం లేకుండా పుడతాయనుకుంటే కొలతలు సరిపోయాయి.

ధావన్ పేరు నాకు శ్రీహరికోట బోర్డు మీద మాత్రమే తెలుసు. ఆయన రాకెట్ల కన్నా ముందు ఈ పొర మనిషి. 1951లో అమెరికాలో డాక్టరేటుకు చేసిన పని, పలక మీద గాలి రాపిడిని నేరుగా తూచడం. పలకలో చిన్న ముక్కను విడిగా, కదిలేట్టు అమర్చి, గాలి దాన్ని ఎంత లాగుతోందో కొలిచాడు. రొద్దం అనే ఊరు మన రాయలసీమలోనే, పెనుకొండ వైపు ఉంది. ఆ ఇంటిపేరు ఉన్న మనిషి నా చెవిలో పడుతున్న చినుకులకు సూత్రం రాశాడని తెలిశాక, ఆ పేపరును నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను.

టర్బులెంట్ సగం తేలిగ్గా అయిపోయింది. చెడగొట్టడానికి ఏముంది? పలక మీద అడ్డంగా ఒక తీగ అతికిస్తే చాలు. గాలి వేగాన్ని తీగ మందంతో గుణించి, సాంద్రతకు తగ్గట్టు చూసిన స్నిగ్ధతతో భాగిస్తే 900 దాకా రావాలి. నా వేగానికి ఒక మిల్లీమీటరు తీగ సరిపోయింది. ముందంచు నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర అతికించాను. పదకొండు మిల్లీమీటర్ల పొర, నిష్పత్తి 1.42. వేగాన్ని లాగరిథమ్ కాగితం మీద వేస్తే మధ్య భాగమంతా సరళరేఖ. ఆ రేఖ వాలు నుంచే రాపిడిని తీశాను.

ఒక్కటి మిగిలిపోయింది. టర్బులెంట్ పొరలో కూడా పలకను ఆనుకుని స్నిగ్ధతే రాజ్యమేలే అట్టడుగు పొర ఒకటి ఉంటుంది. నా వేగంలో దాని మందం 0.11 మిల్లీమీటర్లు. నా సూది పలకను తాకి ఉన్నప్పుడు కూడా దాని నోటి మధ్యభాగం 0.3 ఎత్తులో ఉంటుంది. అంటే ఆ అడుగుకు నేను దిగలేదు. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు సరిగ్గా ఇదే అడిగారు, దిగలేదనే చెప్పాను.

ఇప్పుడు గుంటూరులో పాఠాలు చెబుతున్నాను. శనివారాలు పొద్దున్నే బస్సెక్కి ఆ ల్యాబుకి వెళుతుంటాను. పలక ఇంకా అక్కడే ఉంది, బాబాయి అంచు మీద గుడ్డ కప్పి ఉంచుతున్నాడు. వేగాన్ని 8 మీటర్లకు తగ్గిస్తే ఆ అడుగుపొర 0.2 దాకా లావెక్కుతుంది. దానికి తగ్గట్టు అడ్డం తీగ రెండు మిల్లీమీటర్లది వెయ్యాలి. సూది కూడా ఇంకా సన్నది కావాలి. 24 నంబరువి అరడజను ఇచ్చొచ్చాను. లోపల దూర్చడానికి అంత సన్న తీగ దొరకలేదని మేస్త్రి గారు ఫోను చేశారు. వీణ తీగలు అమ్మే చోట అడిగి చూస్తానని, వచ్చే శనివారం రమ్మన్నారు.